పాత కార్లు, లారీల అసలు గరిష్ఠ వేగాన్ని అంచనా కట్టడం: సమగ్ర మార్గదర్శి

పాత అంబాసిడర్ ఒకటి అమ్మకానికి వస్తే దాని వేగం గురించి మూడు అంకెలు వినబడతాయి. యజమాని చెప్పేది ఒకటి, మీటరు ముల్లు చూపేది మరొకటి, బండి కొత్తగా వచ్చిన రోజుల్లో కరపత్రంలో అచ్చయినది ఇంకొకటి. ఈ రోజు ఆ బండి, ఇప్పుడున్న ఇంజిన్‌తో, ఇప్పుడున్న టైర్లతో, సమతలమైన రోడ్డు మీద నిలకడగా అందుకోగల వేగం ఈ మూడింటిలో ఏదీ కాదు. దాన్ని తెలుసుకోవాలంటే యాక్సిలరేటర్‌ను చివరిదాకా తొక్కి చూడటం ఒక్కటే దారి అని చాలామంది అనుకుంటారు. ముప్పై నలభై ఏళ్ల నాటి బ్రేకులతో, స్టీరింగ్ జాయింట్లతో ఆ పని చేయవలసిన అవసరం లేదు. కాటా చీటీ, సుద్దముక్క, కొలత టేపు, ఫోను ఉంటే చాలు. కారు విషయంలో గంటకు 80 కిలోమీటర్లు దాటకుండానే దాని గరిష్ఠ వేగాన్ని రెండు మూడు శాతం నుంచి ఐదు శాతం లోపు తేడాతో చెప్పవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో బండిని బాగుచేయించుకుంటున్నవారు, హౌసింగ్ (వెనుక ఇరుసులోని పళ్ల చక్రాల పెట్టె) మార్చాలా వద్దా అని ఆలోచిస్తున్నవారు, గుంటూరు మిర్చి యార్డు నుంచి సరుకు ఎత్తే పాత లారీ కొనబోతున్నవారు ఈ లెక్కను స్వయంగా వేసుకోగలగాలన్నది నా ఉద్దేశం.

ముందుగా ఒక మూలసూత్రం మనసులో పెట్టుకోవాలి. ఏ బండికైనా గరిష్ఠ వేగానికి రెండు హద్దులుంటాయి. ఇంజిన్ తిరగగల గరిష్ఠ చుట్లు, గేర్లు, టైరు కలిసి నిర్ణయించేది గేరు హద్దు. చక్రాలకు చేరే శక్తి, బండిని వెనక్కి లాగే గాలి, రోడ్డు నిరోధాలు కలిసి నిర్ణయించేది శక్తి హద్దు. ఈ రెండింటిలో ఏది తక్కువో అదే ఆ బండి అసలు వేగం. పాత కార్లు చాలావరకు శక్తి హద్దు దగ్గర ఆగిపోతాయి. పాత లారీలు ఖాళీగా ఉన్నప్పుడు గేరు హద్దు దగ్గర, లోడు మీద ఉన్నప్పుడు చాలాసార్లు శక్తి హద్దు దగ్గర ఆగుతాయి. వేగం గురించి జరిగే వాదాల్లో సగం ఈ రెండు హద్దులను కలగలిపేయడం వల్లనే పుడతాయి.

మొదటి మెట్టు: బండిలో నిజంగా ఏముందో తేల్చుకోవడం

ఆర్‌సీ పుస్తకం చూసి లెక్క మొదలుపెట్టకూడదు. అంబాసిడర్ అన్న పేరు ఒకటే అయినా, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా మొదలై 2014 దాకా తయారైన ఆ బండిలో 1,489 సీసీ పెట్రోలు ఇంజిన్, అదే పరిమాణం గల డీజిల్ ఇంజిన్, 1990లలో వచ్చిన 1.8 లీటర్ల ఇసుజు పెట్రోలు ఇంజిన్ వంటివి వేర్వేరు కాలాల్లో అమర్చారు. చిన్న డీజిల్ ఇంజిన్‌కూ ఇసుజు ఇంజిన్‌కూ శక్తిలో సుమారు రెట్టింపు తేడా ఉంది. పైగా మధ్యలో యజమానులు మార్పించుకున్న ఇంజిన్లు కోకొల్లలు. కాబట్టి ఇంజిన్ బ్లాకు మీద ఉన్న నంబరు చూసి, అది పుస్తకంలోని నంబరుతో కలుస్తుందో లేదో సరిచూసుకోవాలి. కలవకపోతే అది వేగం లెక్కకు మించిన సమస్య. ముందు రవాణా శాఖ కార్యాలయంలో ఆ సంగతి చక్కబెట్టుకోవాలి.

టాటా లారీల పేర్లలోని అంకెలు ఇక్కడ కొంత సాయం చేస్తాయి. 1954లో డైమ్లర్-బెంజ్‌తో కుదిరి 1969 దాకా సాగిన సహకారం వల్ల ఆ జర్మన్ కంపెనీ నామకరణ పద్ధతే ఇక్కడా వచ్చింది. 1210 అంటే సుమారు 12 టన్నుల మొత్తం బరువు, 100 గుర్రపు శక్తి తరగతి. 1612 అంటే 16 టన్నులు, 120 గుర్రపు శక్తి తరగతి. ఇవి బండి పుట్టినప్పటి తరగతిని చెప్పే అంకెలు మాత్రమే. 1210 చట్రం కింద పెద్ద లారీ హౌసింగ్ కనబడటం ఆశ్చర్యపడవలసిన విషయం కాదు.

రెండవ మెట్టు: టైరు ఒక చుట్టుకు ఎంత దూరం పోతుందో కొలవడం

టైరు పక్కన అచ్చయిన కొలత నుంచి చుట్టుకొలత లెక్కించడం తేలికే గానీ, అది పొరపాటుకు దారి తీస్తుంది. బరువు పడినప్పుడు టైరు అడుగున నొక్కుకుపోయి, ఒక్కో చుట్టుకు నడిచే దూరం తగ్గుతుంది. అరిగిన టైరుకు ఇంకా తగ్గుతుంది. అందువల్ల గాలి సరిగా నింపి, మామూలుగా ఉండే బరువుతో, చదునైన సిమెంటు నేల మీద వెనుక టైరు అడుగు భాగంలో సుద్దతో గీత గీసి, నేల మీద కూడా అదే చోట గుర్తు పెట్టాలి. బండిని తిన్నగా నెడుతూ, ఆ గీత ఐదుసార్లు నేలను తాకేదాకా పోనిచ్చి, మొత్తం దూరాన్ని టేపుతో కొలిచి ఐదుతో భాగించాలి. 5.90-15 టైర్లున్న అంబాసిడర్‌కు సుమారు 2.03 మీటర్లు, 9.00-20 టైర్లున్న లారీకి సుమారు 3.1 మీటర్లు, 10.00-20 టైర్లయితే సుమారు 3.2 మీటర్లు వస్తుంది. మీ కొలత వీటికి దగ్గరగా లేకపోతే మళ్లీ కొలవండి. లారీకి జంట టైర్లుంటే బయటి టైరు, లోపలి టైరు ఒకే అరుగుదలతో ఉన్నాయో లేదో కూడా అప్పుడే చూడటం మంచిది.

మూడవ మెట్టు: హౌసింగ్ నిష్పత్తి

హౌసింగ్ లోపలి క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పళ్ల సంఖ్యల నిష్పత్తి ఇది. ఆటోనగర్‌లో దీన్ని పళ్ల లెక్కతోనే పిలుస్తారు. టాటా లారీల్లో విరివిగా కనబడే 6/41 సెట్టులో పినియన్‌కు 6 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉంటాయి, అంటే 6.83. హౌసింగ్ విప్పి ఉన్నప్పుడైతే పళ్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. విప్పకుండా తెలుసుకోవాలంటే, గేరు న్యూట్రల్‌లో ఉంచి, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేరు బాక్సు నుంచి హౌసింగ్‌కు శక్తిని చేర్చే కడ్డీ) మీద ఒక గుర్తు, టైరు మీద ఒక గుర్తు పెట్టి, బండిని నిదానంగా తిన్నగా నెట్టించాలి. టైరు సరిగ్గా ఐదు చుట్లు తిరిగేసరికి షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో ఒకరు పక్క నుంచి చూసి లెక్కపెట్టాలి. బండి కదులుతుండగా ఎవరూ దాని కిందికి వెళ్లకూడదు. ఐదు చుట్లకు షాఫ్ట్ దాదాపు 22.8 చుట్లు తిరిగితే నిష్పత్తి 4.56, అంటే 9, 41 పళ్ల సెట్టు. ఫోనును నేల మీద పెట్టి వీడియో తీస్తే లెక్క తప్పదు.

లారీని నెట్టడం కష్టమని ఒక వైపు చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి తిప్పేవారు ఉంటారు. అప్పుడు ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి: ఒక చక్రం నేల మీద కదలకుండా ఉంటే, రెండు వైపుల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల లేచిన చక్రం క్రౌన్ కన్నా రెట్టింపు చుట్లు తిరుగుతుంది. లేచిన చక్రాన్ని 20 చుట్లు తిప్పితే క్రౌన్ 10 చుట్లే తిరిగినట్టు. 6/41 సెట్టయితే షాఫ్ట్ సుమారు 68 చుట్లు తిరగాలి. ఈ సంగతి మరచినవారికి నిష్పత్తి సగమే వచ్చి, వేగం రెట్టింపు కనబడుతుంది. మిగతా చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టకుండా, ఇరుసు కింద గట్టి స్టాండు పెట్టకుండా ఈ పని చేయవద్దు. జాకీ ఒక్కదాన్ని నమ్ముకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

టాప్ గేరు నిష్పత్తిని కూడా నిర్ధారించుకోవాలి. నాలుగు గేర్ల అంబాసిడర్, ప్రీమియర్ పద్మినిలతో పాటు చాలా పాత లారీల్లోనూ టాప్ గేరు నేరుగా ఉంటుంది. అంటే ఇంజిన్ ఒక చుట్టుకు షాఫ్ట్ ఒక చుట్టు తిరుగుతుంది. ఐదు గేర్ల ఇసుజు అంబాసిడర్‌లో మాత్రం ఐదవ గేరు ఓవర్‌డ్రైవ్, అంటే షాఫ్ట్ ఇంజిన్ కన్నా ఎక్కువ చుట్లు తిరుగుతుంది. అటువంటి బండి ఐదులో కన్నా నాలుగులోనే ఎక్కువ వేగం అందుకోవచ్చు. ఐదవ గేరు ఇంజిన్ చుట్లు తగ్గించి డీజిల్, పెట్రోలు ఆదా చేయడానికి ఉన్నది; గేరు హద్దు చాలా పైకి పోయినా శక్తి హద్దు మారదు.

నాలుగవ మెట్టు: ఇంజిన్ చుట్లు, గేరు హద్దు

పెట్రోలు కారుకు గరిష్ఠ శక్తి ఏ చుట్ల దగ్గర వస్తుందో ఆ అంకె తీసుకోవాలి. పాత 1,489 సీసీ అంబాసిడర్‌కు అది నిమిషానికి 4,200 ప్రాంతం. డీజిల్ లారీకి ఈ హద్దును డీజిల్ పంపులోని గవర్నర్ (చుట్లు మితిమీరకుండా డీజిల్‌ను తగ్గించే అమరిక) నిర్ణయిస్తుంది. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. నిలబడి ఉన్న లారీలో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ముందు పుల్లీ మీద మెరిసే టేపు అంటించి, కాంతితో కొలిచే టాకోమీటరుతో చుట్లు చూసి, ఆ అంకెనే లెక్కలో వేస్తారు. పాత యాంత్రిక గవర్నర్ లోడు లేనప్పుడు ఇంజిన్‌ను పూర్తి లోడు మీద ఉండే చుట్ల కన్నా కొంత పైకి, తరచు ఎనిమిది నుంచి పది శాతం దాకా పైకి పోనిస్తుంది. లోడు పడగానే అది దిగుతుంది. కాబట్టి ఖాళీగా 3,050 చూపిన ఇంజిన్‌కు లెక్కలో 2,800 వేసుకోవడం సబబు. పంపును ఇటీవల బెంచి మీద పెట్టించి ఉంటే పంపు షాపువారు పూర్తి లోడు అంకెను చీటీ మీద రాసి ఇవ్వగలరు. అదే అన్నిటికన్నా నమ్మదగినది. అయితే పంపు చుట్లు ఇంజిన్ చుట్లలో సగం అని మరువకూడదు.

ఇక లెక్క సులభం. ఇంజిన్ చుట్లను టాప్ గేరు నిష్పత్తితోనూ, హౌసింగ్ నిష్పత్తితోనూ భాగిస్తే చక్రం నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో వస్తుంది. దాన్ని టైరు చుట్టు దూరంతో గుణించి, 60తో గుణించి, 1,000తో భాగిస్తే గంటకు కిలోమీటర్లు.

అంబాసిడర్: 4,200 ÷ 4.556 = 922; 922 × 2.03 × 60 ÷ 1,000 = సుమారు 112 కి.మీ.

లారీ: 2,800 ÷ 6.833 = 410; 410 × 3.1 × 60 ÷ 1,000 = సుమారు 76 కి.మీ. టైర్లు 10.00-20 వేస్తే 79కి చేరుతుంది.

ఈ 76 చూసిన తరువాత, పాత లారీ సమతల రోడ్డు మీద తొంభై దాటిందని ఎవరైనా చెబితే ఏమనుకోవాలో మీకే తెలుస్తుంది. మీటరు తప్పు కావచ్చు, హౌసింగ్ మారి ఉండవచ్చు, పంపు సీలు తీసి గవర్నర్ పెంచి ఉండవచ్చు. మూడవది అయితే కనెక్టింగ్ రాడ్లకు, వాల్వులకు అది చేటు.

ఐదవ మెట్టు: మీటరును పక్కన పెట్టడం

స్పీడోమీటరు కేబుల్ గేరు బాక్సు నుంచి వస్తుంది. హౌసింగ్ మారినా, టైరు సైజు మారినా ఆ కేబుల్‌కు తెలియదు. అన్నీ మొదటిలా ఉన్నా సరే, మీటర్లు ఎక్కువ చూపేటట్టే తయారవుతాయి. ఐక్యరాజ్యసమితి 39వ వాహన నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ మాత్రం అసలు వేగంలో పదో వంతుకు మరో 4 కి.మీ. కలిపినంత దాకా చూపవచ్చు. అంటే నిజంగా 100 పోతున్న కారు మీటరులో 114 కనబడినా నిబంధన ఒప్పుకుంటుంది. పాత బండ్ల మీటర్లలో స్ప్రింగు బలహీనపడి తేడా ఇంకా పెరుగుతుంది.

ఫోనులోని జీపీఎస్ వేగం నిలకడగా పోతున్నప్పుడు బాగా నమ్మదగినది. లేదా కిలోమీటరు రాళ్లను వాడవచ్చు: 3,600ను సెకన్లతో భాగిస్తే వేగం వస్తుంది. కిలోమీటరుకు 60 సెకన్లయితే 60, 50 సెకన్లయితే 72. ఒక్కో రాయి స్థానంలో కొద్దిపాటి తేడా ఉంటుంది కనుక కనీసం ఐదు కిలోమీటర్లు కలిపి లెక్కించాలి.

ఆరవ మెట్టు: బండిని ఏది ఎంత వెనక్కి లాగుతోందో కొలవడం

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా విలువైన భాగం ఇదే. కరపత్రాల్లో అచ్చయిన గుర్రపు శక్తి పాత రోజుల్లో తరచు ఫ్యాను, డైనమో, గాలి ఫిల్టరు, సైలెన్సరు తీసేసి బెంచి మీద కొలిచిన స్థూల శక్తి. దాని మీద ఏళ్ల అరుగుదల. కాబట్టి శక్తినీ, నిరోధాన్నీ రెండింటినీ మీ బండి మీదే కొలవాలి. దీనికి రెండు చిన్న పరీక్షలు చాలు.

ముందుగా డ్రైవరుతో, పక్క మనిషితో సహా బండిని కాటా వేయించండి. మన ఉదాహరణ అంబాసిడర్ 1,300 కిలోలు తూగిందనుకుందాం. తరువాత బ్రేకులు పట్టి ఉండటం లేదని నిర్ధారించుకోండి. ప్రతి చక్రాన్నీ లేపి చేత్తో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి. టైరు పక్కన నాలుగంకెల తయారీ సంకేతం చూడండి. మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని చెబుతాయి. పదేళ్లు దాటిన టైర్లతో, పగుళ్లున్న టైర్లతో పరీక్షకు దిగవద్దు.

రోడ్డు ఎంపికలో ఓపిక కావాలి. విజయవాడ నుంచి గుంటూరు దాకా 16వ నంబరు జాతీయ రహదారి చాలావరకు చదునుగానే ఉంటుంది. కానీ కనకదుర్గ వారధికి ఎక్కే దిగే భాగాలు, పైవంతెనల వాలులు, కాజ టోల్ ప్లాజా పరిసరాలు పనికిరావు. వేకువన వెలుతురు వచ్చాక, రద్దీ లేని సమయంలో, వెనుక బండ్లు దూరంగా ఉన్నప్పుడు, ఎడమ వరుసలో మాత్రమే చేయాలి. రద్దీ తగ్గలేదంటే ఆ రోజుకు మానుకోవాలి. నాలుగు వరుసల, మధ్యలో డివైడరున్న రోడ్ల మీద కార్లకు 2018 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం గరిష్ఠ పరిమితి 100 కి.మీ., సరుకు వాహనాలకు 80 కి.మీ.; రోడ్డు పక్కన బోర్డు అంతకన్నా తక్కువ చెబితే అదే చెల్లుతుంది. మన పరీక్షలన్నీ 80 లోపే ముగుస్తాయి. ఉదయం వేళ మరో మేలు కూడా ఉంది: గాలి తక్కువ. వేసవి మధ్యాహ్నపు పడమటి వడగాలిలోనూ, సాయంత్రం సముద్రం వైపు నుంచి వచ్చే గాలిలోనూ తీసిన కొలతలు దేనికీ పనికిరావు.

మొదటి పరీక్ష జారుడు పరీక్ష. జీపీఎస్ వేగం 80కి కొద్దిగా తక్కువ ఉండగా గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి, ఇంజిన్ ఆపకుండా, బండిని తనంతట తాను తగ్గనివ్వాలి. పక్క మనిషి ఫోను తెరను వీడియో తీస్తే, 75 నుంచి 65కి ఎన్ని సెకన్లు పట్టిందో తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు. ఫోను చూపే వేగం అసలు వేగానికి ఒక సెకను వెనకబడి ఉన్నా, మొదట్లోనూ చివర్లోనూ అదే వెనకబాటు కనుక తేడా కొట్టుకుపోతుంది. తరువాత వేరుగా, రద్దీ లేని పక్క రోడ్డు మీద, 40 నుంచి 30కి పట్టిన సమయం కూడా తీయాలి. ప్రతి కొలతనూ రెండు దిక్కులా చేసి సగటు తీసుకుంటే, కంటికి కనబడని వాలు, తేలికపాటి గాలి చాలావరకు చెల్లిపోతాయి.

అంబాసిడర్‌కు 75 నుంచి 65కి 8.7 సెకన్లు, 40 నుంచి 30కి 15 సెకన్లు వచ్చాయనుకుందాం. గంటకు 10 కి.మీ. అంటే సెకనుకు 2.78 మీటర్లు. తిరిగే చక్రాల జడత్వానికి బరువు మీద నాలుగు శాతం కలిపి 1,352 కిలోలు తీసుకోవాలి.

70 కి.మీ. దగ్గర నిరోధం: 1,352 × 2.78 ÷ 8.7 = 432 న్యూటన్లు.

35 కి.మీ. దగ్గర నిరోధం: 1,352 × 2.78 ÷ 15 = 251 న్యూటన్లు.

టైర్ల నిరోధం వేగంతో పెద్దగా మారదు. గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 70 కి.మీ. అంటే సెకనుకు 19.44 మీటర్లు, వర్గం 378. 35కి వర్గం 94.5. నిరోధాల తేడా 181ని వర్గాల తేడా 283.5తో భాగిస్తే 0.64 వస్తుంది. అదే ఈ కారు గాలి గుణకం. 251 నుంచి 0.64 × 94.5 తీసేస్తే మిగిలే 190 న్యూటన్లు టైర్ల, బేరింగుల వంతు. కాబట్టి ఏ వేగం దగ్గరైనా నిరోధం = 190 + 0.64 × వేగం వర్గం. వేగాన్ని సెకనుకు మీటర్లలో వేయాలి.

ఈ అంకెలు సమంజసమా అని సరిచూసుకునే దారి కూడా ఉంది. కారు వెడల్పు 1.66 మీటర్లు, ఎత్తు 1.6 మీటర్లు గుణించి, మూలల గుండ్రదనానికి 0.82తో గుణిస్తే ముఖ వైశాల్యం సుమారు 2.2 చదరపు మీటర్లు. ఆ కాలపు నిటారు శరీరానికి గాలి నిరోధ గుణకం 0.5 దగ్గర, మన ప్రాంతపు 30 డిగ్రీల గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.16 కిలోలు తీసుకుని, మూడింటినీ గుణించి సగం చేస్తే 0.64 దగ్గరకే వస్తుంది. మీ కొలత దీనికి చాలా ఎక్కువ వస్తే పైన క్యారియర్ ఉందేమో చూడండి. టైర్ల వంతు చాలా ఎక్కువ వస్తే బ్రేకు పట్టుకుని ఉందని అనుమానించాలి.

ఏడవ మెట్టు: చక్రాల దగ్గర శక్తి

రెండవ పరీక్షకు ఆధారం ఒక చిన్న వాస్తవం: ఇంజిన్ గరిష్ఠ శక్తి దాని చుట్లను బట్టి వస్తుంది, గేరును బట్టి కాదు. అంబాసిడర్ మూడవ గేరు నిష్పత్తి సుమారు 1.5. టాప్ గేరులో 112 దగ్గర వచ్చే 4,200 చుట్లు మూడవ గేరులో 75 దగ్గరే వస్తాయి. అంటే గరిష్ఠ వేగం దగ్గర ఇంజిన్ ఎంత శక్తి ఇస్తుందో మనం చట్టబద్ధమైన వేగంలోనే, రోడ్డు మీద కొలవగలుగుతున్నాం.

మూడవ గేరులో 60 దగ్గర నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, 65 నుంచి 75కి పట్టిన సమయం తీయాలి. రెండు దిక్కులా సగటు 5.5 సెకన్లు వచ్చిందనుకుందాం. గేరులో ఉన్నప్పుడు ఇంజిన్ జడత్వం కూడా కలుస్తుంది కనుక ఈసారి ఎనిమిది శాతం కలిపి 1,404 కిలోలు తీసుకోవాలి.

వేగం పెంచడానికి వాడిన బలం: 1,404 × 2.78 ÷ 5.5 = 710 న్యూటన్లు. దీనికి ముందే కొలిచిన 432 కలిపితే 1,142. దాన్ని 19.44తో గుణిస్తే 22,200 వాట్లు, అంటే చక్రాల దగ్గర దాదాపు 30 గుర్రపు శక్తి. కొత్తలో 50 అని రాసుకున్న ఇంజిన్‌కు ఇది నిరాశ కలిగించే అంకెలా కనబడవచ్చు. స్థూల శక్తికీ చక్రాల శక్తికీ మధ్య తేడా, అరుగుదల తీసేస్తే ఇది పాత బండికి సహజమైన ఫలితమే.

ఇక మిగిలింది 190 + 0.64 × వేగం వర్గం, దాన్ని వేగంతో గుణిస్తే 22,200 అయ్యే వేగాన్ని వెతకడం. సెకనుకు 29 మీటర్లు వేసి చూస్తే 21,100 వస్తుంది, 30 వేస్తే 23,000, 29.6 వేస్తే సరిపోతుంది. గంటకు సుమారు 107 కి.మీ. గేరు హద్దు 112, శక్తి హద్దు 107, తక్కువది 107. ఈ బండి మీటరులో అప్పుడు 120 కనబడినా నేను ఆశ్చర్యపోను.

కొలతల్లో చిన్న తప్పులు జరుగుతాయని భయపడనవసరం లేదు. వేగం పెరిగేకొద్దీ కావలసిన శక్తి ఎంతో తీవ్రంగా పెరుగుతుంది కనుక, శక్తి అంచనాలో పది శాతం తప్పు వచ్చినా వేగంలో నాలుగు శాతమే తప్పు వస్తుంది. అదే కారణంగా, ట్యూనింగ్ చేయించి పది శాతం శక్తి పెంచినవారికి మూడు నాలుగు కిలోమీటర్లకు మించి లాభం కనబడదు.

లారీకి వచ్చే తేడాలు

లోడు లారీ మీద జారుడు పరీక్ష చేయవద్దు. న్యూట్రల్‌లో ఉన్న లారీకి ఇంజిన్ పట్టు ఉండదు. గాలి బ్రేకుల మీదే భారమంతా పడుతుంది. ఖాళీ లారీతో చేసి, లోడుకు తగ్గట్టు టైర్ల వంతును బరువు నిష్పత్తిలో పెంచుకుంటే సరిపోతుంది. పాత నైలాన్ టైర్లకు ఆ వంతు బరువులో సుమారు 1.1 శాతం అని తీసుకోవచ్చు. ఖాళీ లారీ ముఖ వైశాల్యం 7 చదరపు మీటర్లు, గాలి నిరోధ గుణకం 0.85 వేస్తే సాధారణ అంచనాకు చాలు.

12 టన్నులతో, ఇంజిన్ నిజంగా 100 గుర్రపు శక్తి ఇస్తుంటే, గేర్ల నష్టం 12 శాతం పోగా చక్రాల దగ్గర 64,700 వాట్లు ఉంటాయి. 76 కి.మీ. దగ్గర కావలసింది సుమారు 60,000. కాబట్టి లారీ గేరు హద్దును అందుకుంటుంది. ఇంజిన్ 80 గుర్రపు శక్తికి పడిపోయి ఉంటే శక్తి హద్దు 71 దగ్గరకు దిగుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌తోనే, వందకు ఒక అడుగు లేచే వాలు ఎదురైతే 65 దగ్గర ఆగిపోతుంది. కంటికి చదునుగా కనబడే రోడ్డు మీద లారీ ఎందుకు లాగడం లేదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

గుంటూరు సరుకుకు ప్రత్యేకంగా చెప్పవలసింది ఒకటుంది. మిర్చి టిక్కీల (బస్తాల) లోడు బరువులో తక్కువైనా ఎత్తులో ఎక్కువ. అదే 80 గుర్రపు శక్తి లారీలో మొత్తం బరువు 10 టన్నులకు తగ్గి, ముఖ వైశాల్యం 8.5 చదరపు మీటర్లకు పెరిగిందనుకుంటే శక్తి హద్దు 70 కి.మీ. రెండు టన్నుల బరువు తగ్గినా వేగం కొంచెమైనా పెరగలేదు. ఆపైన గంటకు 10 కి.మీ. ఎదురుగాలి వీస్తే 65కి దిగుతుంది. మిర్చి, పత్తి తోలేవారు బరువును మాత్రమే చూసి ఇంజిన్‌ను అనుమానించే ముందు ఈ గాలి లెక్క వేసుకోవాలి.

పల్లంలో అందిన వేగాన్ని లారీ వేగంగా ఎన్నడూ రాసుకోకూడదు. గవర్నర్ డీజిల్‌ను మాత్రమే ఆపగలదు. వెనుక నుంచి బరువు తోస్తుంటే ఇంజిన్ తన హద్దు దాటి తిరుగుతూనే ఉంటుంది. వాల్వులు విరిగేది, పిస్టన్‌కు తగిలేది అటువంటప్పుడే. న్యూట్రల్ వేస్తే ఇంజిన్ బతుకుతుంది గానీ బ్రేకులు కాలిపోతాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట ఇక్కడ అక్షరాలా నిజం.

ఎండ వల్ల వచ్చే తేడా

మే నెలలో 45 డిగ్రీల ఎండకు గాలి సాంద్రత 30 డిగ్రీలప్పటి కన్నా దాదాపు ఐదు శాతం తగ్గుతుంది. గాలి నిరోధం ఆ మేరకు తగ్గినా, టర్బో లేని ఇంజిన్ పీల్చే గాలి కూడా పలచబడి శక్తి అంతే తగ్గుతుంది. రెండూ కలిపి చూస్తే మన అంబాసిడర్ ఒక్క కిలోమీటరు మాత్రమే కోల్పోతుంది. వేసవిలో పాత కారును నిజంగా ఆపేవి రేడియేటరు, పెట్రోలు లైను. ఇంజిన్ మీద బిగించిన యాంత్రిక పంపు వేడెక్కి, పెట్రోలు గొట్టంలోనే ఆవిరై కారు తడబడుతుంది. నిలకడగా పది నిమిషాలు పోలేని వేగాన్ని గరిష్ఠ వేగంగా లెక్కించడం నాకు సమ్మతం కాదు. అందుకే ఉష్ణోగ్రత ముల్లు ఎర్ర గీతకు చేరే వేగం శక్తి హద్దు కన్నా తక్కువగా ఉంటే, దాన్నే మూడవ హద్దుగా రాసుకోవాలి.

ఫలితం రాసుకునే పద్ధతి

ఒంటరి అంకె ఎవరికీ ఉపయోగపడదు. మన ఉదాహరణను ఇలా రాయాలి: గేరు హద్దు 112, శక్తి హద్దు 107, తేడా అటూ ఇటూ 4, బరువు 1,300 కిలోలు, టైరు చుట్టు 2.03 మీటర్లు, హౌసింగ్ 9/41, గాలి 30 డిగ్రీలు, కొలిచిన తేదీ. టైర్లు మార్చినప్పుడు రెండవ మెట్టు నుంచి, హౌసింగ్ మార్చినప్పుడు మూడవ మెట్టు నుంచి, పంపు లేదా కార్బురేటరు పని జరిగినప్పుడు ఏడవ మెట్టు ఒక్కటీ మళ్లీ చేస్తే చాలు. ఇంజిన్ సిలిండర్లకు బోరు చేయించే ముందు 65 నుంచి 75కి పట్టిన సమయం, చేయించి రన్నింగ్-ఇన్ పూర్తయ్యాక పట్టిన సమయం పక్కపక్కన రాసి చూస్తే, మేస్త్రికి ఇచ్చిన డబ్బుకు ఎంత శక్తి తిరిగి వచ్చిందో ఆ రెండు అంకెలే చెబుతాయి.